ముందు చక్రాలు తిరగని రోజు

నేను ఒక జీపును. పాతదాన్నని చూడగానే తెలుస్తుంది కాబట్టి ఆ మాట విడిగా చెప్పను. రంగేమిటని అడిగితే మాత్రం జవాబు లేదు. పుట్టినప్పుడు ఆకుపచ్చ, ఆఫీసులో తెలుపు, తర్వాత నన్ను కొన్న డ్రైవరు కోసన్న చేతికొచ్చాక అతని ఇంటి తలుపులకు వేయగా మిగిలిన నీలం, ఇప్పుడు చాలావరకు తుప్పు. నా గురించి గొప్పగా చెప్పుకోగలిగింది ఒక్కటే. నేను నాలుగు చక్రాలతో లాగే బండిని. మామూలు బండిని వెనక చక్రాలు తోస్తాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. నాకలా కాదు. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగి అలిసిపోతే ముందు చక్రాలు రాతిని పట్టుకుని నన్ను పైకి లాక్కుపోతాయి. అందుకే నన్ను చేశారు. అది జరగని రోజు ఒకటుంది. నా బతుకు కథ అని మొదలుపెట్టినా నేను చెప్పబోయేది చివరికి ఆ రోజు గురించే.

పడమటి రాష్ట్రంలో ఒక పెద్ద కార్ఖానాలో పుట్టాను. బయటికి పంపే ముందు ఒక పెద్దాయన నన్ను రాళ్ల గుట్ట మీదికి తోలాడు. పెద్ద గేరు పక్కనున్న చిన్న లివరు లాగాడు. ముందు చక్రాలకు జీవం వచ్చింది. ఒక్క ఊపున గుట్ట ఎక్కేశాను. ఆయన నా బానెట్ మీద చరిచి, కొండలు నీకు లెక్క కాదు పో అన్నాడు. పొంగిపోయాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నేను ఎక్కిన కొండ ఒక్కటీ లేదు.

మైదానంలో ఒక సర్కారు ఆఫీసు నన్ను కొన్నది. కొండ ఊళ్లలో పనులు తనిఖీ చేయడానికట. తనిఖీలు బల్ల మీదే అయిపోయేవి. నేను దొరగారి పిల్లల్ని బడికి, అమ్మగారిని కూరగాయల బజారుకి తిప్పాను. ఒక్కోసారి వంకాయలు నచ్చక రెండు బజార్లు తిరిగేవాళ్లం. చిన్న లివరు నల్ల గుండు కొత్తగా మెరుస్తూనే ఉండేది, ఎవరూ ముట్టుకోక. మనుషులకు బలమైన వస్తువు చేతిలో ఉంటే చాలు, వాడక్కర్లేదు. తొమ్మిదేళ్లకు నేను ముసలిదాన్నయ్యానని ఎవరో రాశారు. వేలంలో పెట్టారు.

అక్కడ నన్ను కొన్నవాడే గెమ్మెలి కోసన్న. పాడేరు అవతల కొండల్లో బొడ్డగొంది అతని ఊరు. అప్పటికి ముప్ఫయ్యేళ్లవాడు, పదేళ్లుగా పరాయి జీపులు తోలి చేతులు కాయలు కట్టినవాడు. వేలానికి వచ్చిన మిగతావాళ్లు సీట్లు నొక్కి చూశారు. కోసన్న చిన్న లివరు లాగి, నన్ను నాలుగడుగులు కదిపి, దిగి, ముందు చక్రం వైపు చూసి తల ఊపాడు. నన్ను ఎవరైనా అలా చూడాలని తొమ్మిదేళ్లుగా కాచుకుని ఉన్నాను.

ఇక నా అసలు బతుకు అప్పుడు మొదలైంది. మీరు రోడ్డు అనేదాన్ని మా ఏజెన్సీ కొండల్లో వాన నిర్ణయిస్తుంది. నిన్న దారిగా ఉన్నది ఇవాళ వాగు. కోసన్న ఆ దారుల్ని అరికాలితో చదివేవాడు. ఏటవాలు ముందు నన్ను ఆపి, దిగి, చెప్పులు విప్పి, మొత్తం దారి నడిచి వచ్చేవాడు. ఎక్కడ మట్టి మెత్తగా ఉందో, ఏ రాయి కదులుతోందో కాలికి తెలిసేది. తర్వాత టైర్లలో గాలి కొంచెం తీసేవాడు, రాయి మీద రబ్బరు పరుచుకుని పట్టు దొరకాలని. గుంటలో చక్రం పెట్టేవాడు కాదు, గుంటకు రెండు పక్కలా ఉన్న గట్ల మీద పెట్టేవాడు. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే జారిపోతామని తెలుసు, తక్కువ గేరులో పెట్టి కాలు తీసేసేవాడు, ఇంజనే నన్ను పట్టుకునేది. వాగు దాటే ముందు ఫ్యాను బెల్టు విప్పి మెడలో వేసుకునేవాడు, ఫ్యాను నీళ్లు చిమ్మి ఇంజన్ని ముంచకుండా. బెల్టు మెడలో వేసుకుని పంచె ఎగ్గట్టిన కోసన్నను చూసి వెనక కూర్చున్న ఆడవాళ్లు, పెళ్లికొడుకు తయారయ్యాడే అని ఆటపట్టించేవాళ్లు. అతను పట్టించుకునేవాడు కాదు.

సంతలకు మనుషుల్ని, కాఫీ గింజల బస్తాల్ని, పనసకాయల్ని, కోళ్లను, ఒకసారి ఒక కాపురాన్నంతా మోశాను. చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లలో నాలుగు చక్రాల కోసన్న అంటే తెలియనివాళ్లు లేరు. ఆ పేరు అతనికి ఎంత ఇష్టమంటే, ఇంట్లో భార్య చిలకమ్మ కోపంగా ఉన్నప్పుడు ఆ పేరుతో పిలిచినా మురిసిపోయేవాడు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి, మా దారుల్లో జీపులు తోలేవాళ్లందరికీ తెలిసిందే. ఇంజను నుంచి ముందు చక్రాలకు బలం తీసుకెళ్లేది నా కడుపు కింద ఉండే ఒక ఇనుప కడ్డీ. ముందు షాఫ్టు అంటారు. బారెడు పొడవు, పిల్లవాడంత బరువు. ఎండాకాలం దారులు గట్టిగా ఉన్నప్పుడు దానితో పని లేదు. ఊరికే తిరుగుతూ డీజిలు తాగుతుంది. అందుకని వేసవి రాగానే డ్రైవర్లు దాన్ని విప్పి ఇంట్లో పడేస్తారు, తొలకరికి మళ్లీ బిగిస్తారు. కొందరు బిగించడమే మానేశారు. కోసన్న మాత్రం ఏటా జ్యేష్ఠంలో బిగించేవాడు. అది లేని నాలుగు నెలలు నా ముందు చక్రాలు తిమ్మిరెక్కిన కాళ్లలా ఉండేవి. చిన్న లివరు లాగితే వస్తుంది, చప్పుడూ చేస్తుంది, ముందు మాత్రం ఏమీ జరగదు. పైన కూర్చున్నవాళ్లకు తేడా తెలియదు.

ఒక వేసవిలో చిలకమ్మ ఆ షాఫ్టును పెరట్లో పాతింది, చిక్కుడు పందిరికి మూల గుంజగా. కర్ర పాతితే చెదలు తింటోందని. మంచి ఆలోచనే, ఇనుమును చెదలు తినవు. తొలకరి పడింది, ఆమె విత్తు వేసింది, పాదు షాఫ్టును చుట్టుకుని పైకి పోయింది. ఆ ఏడు ఆలస్యమై ఆషాఢంలో కోసన్న స్పానర్లు పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. లేత తీగ రెపరెపలాడుతూ కనిపించింది. చిలకమ్మ అడ్డొచ్చింది.

“పాదు నిలదొక్కుకున్నాది. ఇప్పుడు పీకితే సచ్చిపోద్ది. ఈ ఏడుకి సంత దారి తోలుకో, పై ఊళ్లకి ఎల్లకు.”

కోసన్న స్పానర్లు కింద పెట్టాడు. సరేలే అన్నాడు. ఆ సరేలే ఎంత చిన్న మాటో అప్పుడు నాకూ తెలియలేదు.

భాద్రపదంలో పదిరోజులు ముసురు పట్టింది. పదకొండో రోజు తెల్లారి వాన తెరిపిచ్చింది. మా జీపులన్నీ సంత ఊళ్లో టీ కొట్టు ముందు వరసగా ఉన్నాయి. అప్పుడు ఆసుపత్రి నర్సు పుణ్యవతి గబగబా వచ్చింది. వెనకాల మోకాళ్ల దాకా బురదతో ఒక మనిషి. ఎగువనున్న గొందిపాడు నుంచి వచ్చిన సిదారి లక్కు. మా దారిలో అన్నిటికంటే ఎత్తున, అందరికంటే దూరాన ఉన్న ఊరు అది. చీకటుండగానే బయలుదేరి నడిచి దిగాడు. ఊళ్లో వాంతులు, విరేచనాలు. ఇరవయ్యారు మంది మంచాన పడ్డారు. అతని ఒక్కగానొక్క కూతురు సుక్రి రాత్రి నుంచి లేవడం లేదు. తల్లి లేని పిల్ల, పద్దెనిమిదేళ్లు.

పుణ్యవతి దగ్గర సెలైను సీసాల పెట్టెలు తొమ్మిది ఉన్నాయి. వాటిని మోసే బండి కావాలి. వరసగా అందరినీ అడిగింది, నాలుగు చక్రాలు లాగే బండి ఎవరిదని. మొదటివాడు షాఫ్టు విప్పేశానన్నాడు. రెండోవాడూ అదే చెప్పాడు. మూడోవాడు తల అడ్డంగా ఊపాడు. లక్కు మాత్రం ఎవరినీ అడగలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి, వరసకు అల్లుడయ్యే కోసన్న చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వున్నావు కదా అల్లుడా. నీ బండుంది కదా.”

కోసన్న నోరు తెరిచాడు. ఆ క్షణంలో షాఫ్టు ఇంట్లో ఉంది, గంటలో బిగించేస్తాను అంటే అయిపోయేది. అంతే మాట. కాని ముగ్గురు డ్రైవర్లు చూస్తున్నారు, నర్సమ్మ చూస్తోంది, నాలుగు చక్రాల కోసన్న అన్న పేరు పక్కనే నిలబడి చూస్తోంది.

“నాలుగూ లాగుతాయి మావా. ఎక్కండి,” అన్నాడు.

అతను మోసగాడు కాదు. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. వాన ఆగింది, దారి కాస్త ఆరి ఉంటుంది, తన చేతులున్నాయి, రెండు చక్రాలతోనే ఎక్కించేస్తానని మనసులో నిజంగానే అనుకున్నాడు. మనుషులు తమకు తాము చెప్పుకునే అబద్ధాలు ఇంత మర్యాదగా ఉంటాయి.

అరగంటలో బొడ్డగొంది వచ్చింది. దారి కోసన్న ఇంటి ముందు నుంచే పోతుంది. దడి మీదుగా పెరడు కనిపిస్తోంది. చిక్కుడు పాదు నీలిపూలతో విరగబూసి ఉంది, దాని మూల గుంజ నా షాఫ్టు. కోసన్న కాలు యాక్సిలరేటరు మీద కొంచెం వదులైంది. ఆగుతాడనుకున్నాను. నా ఇనుములో ప్రతి మరా ఆగమని అడిగింది. పక్కన నర్సమ్మ కూర్చుని ఉంది. ఇప్పుడు ఆగితే, ఇందాక చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నట్టే. కాలు మళ్లీ బిగుసుకుంది. చిలకమ్మ గుమ్మంలో నిలబడి, మేం ఎటు పోతున్నామో చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత గంటన్నర సేపు కోసన్న తోలినట్టు నా బతుకులో ఎవరూ తోలలేదు. రెండు వాగులు దాటించాడు. ఒకచోట కొండచరియ విరిగి దారి సగం పోతే, ఎడమ చక్రాలను కొండవారగా రాళ్ల మీదికెక్కించి ఒరిగిపోతూ దాటించాడు. పుణ్యవతి కళ్లు మూసుకుని పెట్టెలు పట్టుకుంది. అంతటి పనివాడు. ఆ పనితనమే అతనికి ధైర్యం చెప్పి తీసుకొచ్చింది, మేకలజారు దాకా.

మేకలజారు అంటే మూడు వందల గజాల ఏటవాలు. ఎర్రమట్టి, కింద నున్నటి బండ. కోసన్న దిగి చెప్పులు విప్పి నడిచి వచ్చాడు. మొదటిసారి సగం దాకా ఎక్కాను. వెనక చక్రాలు జారాయి, కిందికొచ్చేశాం. రెండోసారి చక్రాల కింద కొమ్మలు వేశారు. మూడోసారి లక్కు భుజం ఆనించి తోశాడు, బురద అతని ముఖం నిండా చిమ్మింది. చిన్న లివరు లాగి ఉంది. నా ముందు చక్రాలు మాత్రం చచ్చిన చేప కళ్లలా కదలకుండా నిలబడ్డాయి.

పుణ్యవతి దిగి వాటి వైపు చూసింది.

“ముందు చక్రాలు తిరగటం లేదేం, కోసన్నా?”

“ఇనుము ఇరిగినాది నర్సమ్మా. ఇంటికాడ ఇంకోటుంది. ఎల్లి తెస్తాను.”

లక్కు నమ్మాడు. నమ్మడమే కాదు, ఓదార్చాడు కూడా. “నువ్వేటి సేస్తావు అల్లుడా, ఇనుము ఇరిగితే,” అన్నాడు. ఒక పెట్టె నెత్తికెత్తుకున్నాడు. పుణ్యవతి చీర కుచ్చెళ్లు దోపి సంచీలో సూదులూ గొట్టాలూ సర్దుకుంది. అక్కడి నుంచి గొందిపాడు జీపులో గంట, నడిస్తే మూడు గంటలు. ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. లక్కు నడవలేదు, ఆ ఏటవాలులో పరిగెత్తాడు. కోసన్న కాలిబాట అడ్డదారిన ఇంటివైపు కిందికి పరిగెత్తాడు. మధ్యలో నేను, ఎనిమిది పెట్టెలు.

ఒక బండికి నిలబడటం కష్టం కాదు. జీవితంలో సగం నిలబడే ఉంటాం. కాని ఆ రోజు నిలబడినట్టు ఎప్పుడూ నిలబడలేదు. పైన ఎండ కాసింది. నా ఎదుట దారి ఆవిర్లు కక్కుతూ ఆరిపోతోంది. మందు నా ఒళ్లో ఉంది, కావలసినవాళ్లు పైన ఉన్నారు, నన్ను దీనికోసమే చేశారు. సిగ్గుపడ్డాను. ఇనుముకు సిగ్గేమిటంటారా, ఆ రోజు నా జాగాలో మీరు లేరు.

నాలుగు గంటలు దాటాక కోసన్న వచ్చాడు. షాఫ్టు భుజం మీద ఉంది, దాని మీద తెగిన తీగలు ఇంకా చుట్టుకునే ఉన్నాయి. భుజం చెక్కుకుపోయి రక్తం కారుతోంది. నా కిందికి దూరి బురదలో వెల్లకిలా పడుకుని ఎనిమిది బోల్టులు బిగించాడు. బిగిస్తూ ఏడ్చాడు. ఒక బోల్టు నాలుగుసార్లు జారింది. అప్పుడు లివరు లాగాడు. ముందు చక్రాలు రాతిని పట్టాయి. మేకలజారును ఒక్క ఊపున ఎక్కేశాను. అంత తేలికగా ఎక్కినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఊళ్లోకి వెళ్లేసరికి ఏడుపులు వినిపించాయి.

తర్వాత అందరూ చెప్పుకుంటుంటే విన్నాను. లక్కు పెట్టెతో ఇంట్లో అడుగుపెట్టేసరికి సుక్రికి ఊపిరి ఉందట. పుణ్యవతి రెండు చేతులూ వెతికింది, కాళ్లూ వెతికింది. ఒంట్లో నీరంతా పోయి నరాలు మూసుకుపోయాయి, సూది దిగలేదు. ఒక్క గంట ముందొచ్చి ఉంటే నరం దొరికేదని ఆమె తనలో తాను అనుకున్నట్టు పైకే అనేసింది. లక్కు విన్నాడు. కూతురు తండ్రి ముఖం చూస్తూనే పోయింది. పిల్లను అలాగే ఉంచి, లేచి, మిగతా సీసాలు పక్కింటికి తనే మోశాడట.

లక్కు మోసిన ఆ పెట్టె సాయంత్రానికే అయిపోయింది. నేను తెచ్చిన ఎనిమిది పెట్టెలు మిగిలిన ఇరవయ్యయిదు మందిని బతికించాయి. అందులో చంటిపిల్లలున్నారు. మూడో రోజు మేం దిగుతుంటే ఊరంతా కదిలివచ్చింది. ఏ బండీ రాని రోజున వచ్చావన్నారు. లక్కు తన తలగుడ్డ విప్పి కోసన్న తలకు చుట్టాడు. కోసన్న కట్టించుకున్నాడు.

దారిలో పుణ్యవతి నేరుగా అడిగింది. ఈసారి అతను అబద్ధం ఆడలేదు. ఆమె ఒళ్లోని ఖాళీ సంచీని మడత పెట్టింది.

“నా నోటినుంచి ఈ మాట రాదు. నీ నోటినుంచి రావాలో వద్దో నువ్వే చూసుకో,” అంది. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. మిగతా ఊళ్లకు మందులు తీసుకెళ్లాలన్నా నన్నే పిలిపించేది. అది కోసన్నకు తిట్టుకంటే బరువుగా ఉండేది.

ఏడు నెలలు గడిచాయి. అతను సన్నబడ్డాడు. ఉదయం నన్ను కడిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర ఎక్కువసేపు కూర్చునేవాడు. షాఫ్టు ఇక విప్పలేదు. నాలుగు చక్రాల కోసన్నా అని ఎవరైనా పిలిస్తే పలికేవాడు కాదు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురుగడ పట్టుకుని పాటలు పాడతారు. వచ్చే బండి ఏదైనా, అధికారిదైనా, ఎంతో కొంత ఇచ్చుకోనిదే గడ లేవదు. కోసన్న పుణ్యవతి పంపిన మందుల పెట్టెతో గొందిపాడు ఎక్కాడు. ఊరి మొదట్లో గడ కనిపించింది. అతను జేబులో చెయ్యి పెట్టాడు.

పాడుతున్న ఆడవాళ్లు నన్ను చూసి పాట ఆపేశారు. వాళ్లలో పెద్దావిడ గడను తనే పైకెత్తేసింది.

“ఈ బండిని ఆపకండే. మన ఊరిని నిలబెట్టినోడు. ఎల్లు బాబూ ఎల్లు.”

గడ పైకి లేచి ఉంది. దారి తెరుచుకుని ఉంది. కోసన్న కదలలేదు. ఇంజను ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆడవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో వెళ్లి లక్కును పిలుచుకొచ్చారు. బిడ్డ పోయిన ఏడాది వేటకు పోకూడదని అతను ఇంట్లోనే ఉన్నాడు.

కోసన్న దిగి, అందరి ముందూ, మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఇనుము విరగలేదని, చిక్కుడు పాదుకు గుంజగా పెరట్లో ఉందని, ఇంటి ముందు నుంచే వచ్చామని, ఆగలేదని. ఒక్క మాట తగ్గించుకోలేదు. లక్కు వింటూ నా బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆ చేతి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

లక్కు అడిగాడు. “ఆ పాదు కాసినాదా?”

“కాసినాది మావా. సగం తీగే తెగినాది.”

“తిన్నారా?”

కోసన్న తల దించుకున్నాడు. “చిలకమ్మ ముట్టలేదు. నేను కోసి వండుకు తిన్నాను. వొదిలేస్తే ఎందుకు కొయ్యలేదని పక్కోళ్లు అడుగుతారని.”

లక్కు చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయాడు. తిట్టలేదు, కొట్టలేదు, క్షమించాననీ అనలేదు. కొడితే బాగుండునని కోసన్న ఎదురుచూశాడని నాకు తెలుసు.

ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఒకామె ఏడ్చింది. పెద్దావిడ గడను మెల్లగా కిందికి దించి, మళ్లీ దారికి అడ్డంగా పెట్టింది.

“అయితే నువ్వూ అందరిలాగే ఇచ్చి ఎల్లు,” అంది.

కోసన్న ఇచ్చాడు. అప్పుడు గడ లేచింది. ఏడు నెలల్లో మొదటిసారి అతను గుండెనిండా ఊపిరి పీల్చుకోవడం విన్నాను. శిక్ష పడ్డవాడిలా కాదు, మళ్లీ మనుషుల్లో కలిసినవాడిలా.

ఆ ఏడు తొలకరి పడగానే మేకలజారు దగ్గర లక్కు కాచుకుని ఉన్నాడు. పలకరించలేదు. నా కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. షాఫ్టును రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు, ఒక్కొక్క బోల్టూ వేలితో తడిమాడు. బయటికొచ్చి, పద అని చెయ్యి ఊపాడు. ఏటా అంతే. వానాకాలమంతా ఏ బండి గొందిపాడు ఎక్కాలన్నా లక్కు కింద పడుకుని చూడాల్సిందే. మిగతా డ్రైవర్లు మొదట నవ్వారు, తర్వాత వాళ్లూ షాఫ్టులు బిగించుకుని రావడం మొదలుపెట్టారు. చివర్లో అతనికి చూపు మందగించింది. చేత్తోనే చూసేవాడు. నా కింద పడుకున్నప్పుడు ఒక్కోసారి పని అయిపోయాక కూడా వెంటనే లేచేవాడు కాదు. అతను అక్కడ ఏం చేసేవాడో నేను చెప్పను. నా కింద కాబట్టి నాకు తెలిసింది, అంతే.

ఇలా పన్నెండేళ్లు గడిచాయి. అప్పుడు రోడ్డు వచ్చింది.

పెద్ద యంత్రాలు ఎక్కాయి. మేకలజారును తవ్వి చదును చేశాయి. వాగుల మీద తూములు పడ్డాయి. నల్లటి తారు గొందిపాడు చివరి ఇంటి దాకా పోయింది. అది పూర్తయిన వారానికి మొదటి అంబులెన్సు ఊళ్లోకి రానుందంటే ఊరంతా పోగైంది. కోసన్న కూడా నన్ను తోలుకుని వెళ్లాడు. అప్పటికి నేను దగ్గుతూ, ఆగుతూ నడిచే స్థితి. దారి పక్కన నన్ను ఆపి, దిగి నిలబడ్డాడు.

అంబులెన్సు తెల్లగా, చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. లక్కు కర్ర పొడుచుకుంటూ ముందుకు వెళ్లాడు. కర్ర పక్కన పెట్టి, మెల్లగా వంగి, దాని కిందికి దూరబోయాడు. డ్రైవరు కంగారుగా దిగి, పెద్దాయనా ఏం చేస్తున్నావంటూ చెయ్యి పట్టుకున్నాడు.

“సూడనీ బాబూ,” అన్నాడు కోసన్న. “ఒక్క నిమిషం.”

డ్రైవరు చెయ్యి వదిలాడు. లక్కు కింద చాలాసేపు తడిమాడు. ముందు చక్రాల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరిదాకా. బయటికొచ్చి కూర్చున్నాడు.

“దీనికి ఆ ఇనుము లేదు.”

“దీనికి అక్కర్లేదు మావా. రోడ్డు ఏసినారు కదా.”

లక్కు అరచేతిని తారు మీద పెట్టాడు. అది నున్నగా, వెచ్చగా ఉంది. అటూ ఇటూ రాశాడు.

“ఎన్నాళ్లలో ఏసినారు ఇది?”

కోసన్న ఆలోచించి చెప్పాడు. “మిషన్లెట్టి ఏసినారు. యాభై రోజులు పట్టుంటాది.”

“యాభై రోజులు,” అన్నాడు లక్కు. మళ్లీ అన్నాడు, సుక్రి పోయిన పన్నెండేళ్లతో లెక్క సరిచూసుకుంటున్నట్టు. “యాభై రోజులే.”

అతను అక్కడే రోడ్డు మధ్యలో కూర్చుండిపోయాడు. పన్నెండేళ్లుగా ఒక ఇనుప కడ్డీ మీద, ఒక మనిషి మీద పెట్టుకున్న బరువంతా ఎక్కడ దించాలో తెలియని ముఖం అది. కోసన్న వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. తన తప్పు తగ్గిందని అతను అనుకోలేదు, ఆ సంగతి నాకు తెలుసు. అంబులెన్సు వాళ్లను చుట్టుకుని, నెమ్మదిగా, రోడ్డు అంచు మీదుగా వెళ్లింది.

పొద్దు వాలాక కోసన్న వచ్చి నన్ను స్టార్టు చేయబోయాడు. నేను లేవలేదు. రెండుసార్లు చూసి, తాళం చెవి తీసుకుని, లక్కుతో కలిసి ఊళ్లోకి నడిచాడు. నన్ను తీసుకెళ్లడానికి ఆ తర్వాత ఎవరూ రాలేదు. గొందిపాడు మొదట్లో, ఆ తారు రోడ్డు పక్కన, నేను ఇప్పటికీ ఉన్నాను.